వెన్నుపాము దెబ్బతింటే

ప్రశ్న: చింతచెట్టు మీది నుంచి పడితే నడుము కింద చచ్చుబడింది. ఆపరేషన్‌తో నడక వస్తుందా? (సోమందేపల్లి)

జవాబు: ఆపరేషన్ విరిగిన వెన్నుపూసను నిలబెడుతుంది, వెన్నుపాము మీద ఒత్తిడి తీస్తుంది, తెగిన వెన్నుపామును అతికించదు. మలద్వారం దగ్గర స్పర్శ మిగిలి ఉంటే కోలుకునే అవకాశం ఎక్కువ. పడిన మనిషిని కూర్చోబెట్టి ఆటోలో తీసుకుపోవడమే చాలాసార్లు కొంప ముంచుతుంది. మెడ, నడుము కదలనీయకుండా 108ని పిలవాలి. సోమందేపల్లి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి బెంగళూరు చేరుస్తుంది. అక్కడి నిమ్హాన్స్‌లో శస్త్రచికిత్సతోపాటు పునరావాస విభాగమూ ఉంది.

ఇంటికి వచ్చాక అసలు ప్రమాదం పడకపుండ్లు, మూత్ర ఇన్ఫెక్షన్లతోనే. మంచం మీద 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. మూత్రం తనంతట రాకపోతే 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తీయాలి. గాయం మెడలోనో ఛాతీ పైభాగంలోనో ఉంటే, మూత్రాశయం నిండినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. తీవ్రమైన తలనొప్పి, ముఖాన చెమట కనిపిస్తే కూర్చోబెట్టి వెంటనే మూత్రం తీసేయాలి, తగ్గకపోతే ఆసుపత్రికి తరలించాలి.