మార్కులు సరే, లెక్క వచ్చినట్టేనా?

పరీక్షలు, మార్కులపై పాఠకుల సందేహాలకు సమాధానాలు

● మా పాప ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. స్లిప్ టెస్టుల్లో 25కి 24కు తగ్గదు. మొన్న బయట తెచ్చిన 50 వేల అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీతో 10 నెలలకు ఎంతవుతుందో చూడమంటే, 833 రూపాయలని చెప్పింది. వాళ్ల నాయన ఒకటే నవ్వు. మరి ఆ మార్కులు ఎట్ల వస్తున్నాయి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, మీ పాప గుణకారంలో, భాగహారంలో తప్పేమీ లేదు. అసలును 2తో, 10తో గుణించి, 12తోనూ 100తోనూ భాగించింది. సూత్రం ప్రకారం 833 రూపాయల చిల్లరే వస్తుంది. అయితే పుస్తకంలో వడ్డీ రేటు ఏడాదికి. మన వీధిలో నూటికి రెండు అంటే నెలకు. అంటే ఏడాదికి 24 శాతం. మీరు కట్టాల్సింది 10 వేలు.

టెస్టులో అడిగింది సూత్రం గుర్తుందా అని. గుర్తుంది కాబట్టి ఆ 24 మార్కులు న్యాయంగా వచ్చినవే. అంత పెద్ద అప్పుకు పది నెలల వడ్డీ వెయ్యి కూడా దాటకపోతే ‘ఇదేంది, ఇంత తక్కువ?’ అనే అనుమానం రావాలి. అది రాలేదు. దానికి మార్కులు వేసే టెస్టు ఆమెకు ఇంతవరకూ ఎదురుపడలేదు, అంతే. నవ్వినందుకు మాత్రం వాళ్ల నాయనను నాలుగు చీవాట్లు పెట్టండి.

ఇక మీరు చేయాల్సింది, అదే లెక్కను తిప్పి అడగడం. ‘వడ్డీ కింద 6 వేలు కట్టినాం, ఎన్ని నెలలైనట్టు?’ ‘బంగారం పెడితే బ్యాంకు ఏడాదికి 9 శాతానికి ఇస్తుందనుకో, ఆ 50 వేలు ఎక్కడ తేవడం మేలు, ఎంత మిగులుతుంది?’ ఇవి చెప్పగలిగితే లెక్క వచ్చినట్టే. సోమవారం చెప్పిన పాఠం మీద శనివారం పెట్టే టెస్టు ఎక్కువగా జ్ఞాపకాన్నే కొలుస్తుంది. అదే పాఠం మీద రెండు నెలల తర్వాత, ముందుగా చెప్పకుండా ఒక టెస్టు పెట్టమని స్కూలువాళ్లను అడగండి. ఒప్పుకుంటారో లేదో!

● బట్టీ పట్టడం తప్పా సార్?
– పదో తరగతి విద్యార్థి, జమ్మలమడుగు

ఎక్కాలు, పద్యాలు, మూలకాల సంకేతాలు బట్టీ పట్టాల్సిందే నాయనా. గైడులోని వ్యాసాన్ని కామాలతో సహా పట్టడం మాత్రం దండగ. పుస్తకం మూసి, చదివింది నీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయి. రాకపోతే మళ్లీ చదువు.

● ఈ పబ్లిక్ పరీక్షలు ఎత్తేసి, ఏడాది పొడుగునా పిల్లల్ని చూసే బడే మార్కులు వేస్తే పోదా?
– ఒక తండ్రి, కడప

ఆ ముచ్చటా తీరింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో 2017 నుంచి పదో తరగతిలో సబ్జెక్టుకు 20 మార్కులు బడి చేతికిచ్చారు. ప్రైవేటు బళ్లు అడ్డగోలుగా 20కి 20 వేస్తున్నాయన్న ఫిర్యాదులతో 2019లో వాటిని తీసేశారు. కోవిడ్‌తో 2020లో పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. పదో తరగతి ఫలితాలను బట్టి సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీలు అప్పుడు ఏం చేశాయి? మన ఇడుపులపాయతో సహా, వేరే ప్రవేశ పరీక్ష పెట్టుకున్నాయి. సీట్లు తక్కువై పిల్లలు ఎక్కువైనంత కాలం ఏదో ఒక పరీక్ష తప్పదు. మనం కొట్లాడాల్సింది అందులో ఏం అడగాలన్న దాని మీద.

● మాది కోసిగి మండలంలో జెడ్పీ హైస్కూలు. జనవరి నుంచి ముఖ్యమైన ప్రశ్నలే చదివిస్తున్నాం. పాస్ పర్సెంటేజీ తప్ప పైవాళ్లు ఇంకోటి అడగరు. ఆరో తరగతిలో ఇంకా కూడబలుక్కుంటూ చదివే పిల్లలున్నారు. మేం చేస్తున్నది చదువు చెప్పడమేనా?
– ఒక ఉపాధ్యాయుడు

మాస్టారూ, 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర సగటు 86.69 శాతం. మీ కర్నూలు జిల్లా 62.47 శాతంతో అట్టడుగున నిలిచింది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది పదో తరగతి టీచర్ల పనితనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మీ పడమటి మండలాల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పత్తి తీతకు, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. ఇంట్లో ముసలివాళ్లు లేకపోతే పిల్లలూ వెంటపోతారు. సీజనల్ హాస్టలు తెరిచినచోట కొందరు ఆగుతారు. నాలుగో తరగతిలో ఒక సుగ్గి, ఆరులో ఒక సుగ్గి పోయిన పిల్లవాడి లోటు బోర్డుకు తెలిసేది పదో తరగతి మార్చిలో. అప్పటికి ఎవరూ చేయగలిగింది పెద్దగా ఉండదు.

లెక్కల పేపరులో 33 ప్రశ్నలు, 100 మార్కులు, 35 వస్తే పాస్. ఏ పాఠానికి ఎంత వెయిటేజీయో ముందే తెలుసు గనక సగం పుస్తకం వదిలేసినా గట్టెక్కవచ్చు. వెనకబడ్డవాళ్లతో ముందు గ్రాఫు గీయించడం అందరికీ తెలిసిన చిట్కానే. పిల్లవాడు పాసవుతున్నప్పుడు ఆ చిట్కా వాడొద్దని మీకు చెప్పే ధైర్యం నాకు లేదు.

పరీక్ష కోసం చెప్పడమే తప్పని కూడా నేననను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి 5 జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని ఫలితాలు 2011లో ప్రచురించారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ అన్నారు. అయితే ప్రశ్నలు రెండు రకాలుగా పెట్టారు: పాఠ్యపుస్తకం పద్ధతివి కొన్ని, అదే విషయాన్ని తిప్పి అడిగేవి కొన్ని. బోనస్ ఉన్న బళ్లలో పిల్లలు రెంటిలోనూ మెరుగయ్యారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ మెరుగయ్యారు. ప్రశ్నపత్రం మంచిదైతే దానికోసం చెప్పిన పాఠం వృథా పోదని తేలింది. మన పదో తరగతి పేపరు ఇంకా అంత మంచిది కాదు.

మీ ఆరో తరగతివాళ్లకు మాత్రం పేపరు పెట్టకండి. చదవడం రాని పిల్లవాడికి రాత పరీక్షలో సున్నా వస్తుంది. అక్షరాల దగ్గర ఆగాడో, ఒత్తుల దగ్గర ఆగాడో, వాక్యం చదివి అర్థం పట్టుకోలేకపోతున్నాడో ఆ సున్నా చెప్పదు. ప్రథమ్ సంస్థ ‘అసర్’ సర్వే 2005 నుంచి ఇళ్లకు వెళ్లి చేస్తున్నది ఇదే: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఒక్కొక్కరి చేతా పైకి చదివించడం. పిల్లవాడికి కొద్ది నిమిషాలు చాలు, ఖర్చేమీ లేదు. ఈసారి సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని మొదటి వారంలోనే ఇలా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎవరు ఎక్కడ ఆగారో పేర్లతో రాసుకుని, ఆ కాగితాన్ని పాస్ పర్సెంటేజీ అడిగే పైవాళ్ల ముందు పెట్టండి.