నూటపది నిమిషముల ఫ్లోరిన్
గోపాలపూర్ తీరమున తిరుగాడు విద్యార్థులారా! మన ఛత్రపురపు ఇసుకలోని మోనజైటునందు థోరియము కలదు. దాని రేడియోధార్మికత సగమగుటకు సుమారు 1,400 కోట్ల ఏండ్లు పట్టును. వైద్యులు వాడు ఫ్లోరిన్-18కు 110 నిమిషములే చాలును!

సైక్లోట్రానను యంత్రమున దీనిని పుట్టించి, గ్లూకోజువంటి పదార్థమునకు చేర్చి, రోగికి సూదిమందుగా నిత్తురు. పెక్కు క్యాన్సరు కణములు గ్లూకోజును మిక్కిలిగా గ్రహించును. కావున ఈ ఫ్లోరిను నచటనే గుమిగూడును; వెలువడు కిరణములనుబట్టి యంత్రము ఆ చోటును చూపును.

చిక్కెల్ల ప్రయాణములోనే యున్నది. 1976లో మొదటిసారి మనుష్యులకిచ్చినపుడు బ్రూక్‌హావెన్‌లో చేసిన మందును ఫిలడెల్ఫియాకు విమానమున పంపిరి. మన బరంపురమునకు 220 నిమిషములలో చేరు మందైనచో నాలుగవవంతే మిగులును. బయలుదేరునపుడే నాలుగురెట్లు నింపవలెను. దారిలో బండి చెడినచో ఆనాటి పరీక్ష లేదు.