నోటికొచ్చింది, కంటికి రాలేదు

ప్రశ్న: మా వాడికి ఐదేళ్లు. జంతువుల పాటల బొమ్మల పుస్తకం గడగడా ఒప్పజెబుతాడు. వేలు పెట్టి అడిగితే ఒక్క మాటా చదవలేడు. ఆ పుస్తకాలు మాన్పించాలా?
– ఒక తల్లి, కడప

జవాబు: మాన్పించకండమ్మా. ఈ వయసులో చెవి ముందు నడుస్తుంది, కన్ను వెనక వస్తుంది. ప్రాస కుదిరిన మాట ఊరికే గుర్తుండిపోతుంది కాబట్టి వాడికి అక్షరాలతో పని పడలేదు, అంతే. 'బట్టీ పడితే చదువెలా అవుతుంది?' అంటారేమో. అక్కడే ఆగిపోతే కాదు. అయితే కొత్త మాటను కూడబలుక్కోవడం కంటే, నోటికొచ్చిన మాటను కాగితం మీద పోల్చుకోవడం సులువు. 'పిల్లి', 'బల్లి' ఒకదాని కింద ఒకటి పెద్దగా రాసి, 'ల్లి'లను చేత్తో మూయండి. మిగిలేవి 'పి', 'బ'. మారింది మొదటి అక్షరమేనని వాడే కనిపెడతాడు. చదివేటప్పుడు మాట కింద వేలు జరుపుతూ, ప్రాస దగ్గర ఆగి వాడినే పూర్తి చేయనివ్వండి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఇంగ్లీషు నుంచి తెచ్చిన పుస్తకాల్లో బొమ్మలు బాగున్నా ప్రాస చాలాసార్లు జారిపోతుంది. కొనేముందు ఒక పేజీ పైకి చదివి చూడండి. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగానే ఉన్నాయి. అయినా ఎంతసేపూ సింహాలూ జిరాఫీలేనా? వీధిలో పొట్టేలుంది, 1986లో మీ జిల్లాలోనే మళ్లీ కనబడిన కలివికోడి అనే పిట్ట ఉంది. వాటి మీద రెండు ముక్కలు మీరే అల్లండి.

పిలిస్తే పలక్కపోయినా, మాట స్పష్టంగా లేకపోయినా ఇప్పుడే పిల్లల డాక్టరుకు చూపించండి. రెండో తరగతిలోనూ అక్షరాలు పట్టుబడకపోతే టీచరుతో మాట్లాడి నిపుణులను కలవండి.