ఒకే వంటగది, రెండు సంతకాలు

లండన్ ఈస్ట్‌హామ్‌లోనో, లెస్టర్‌లోనో తెలుగువాళ్ళింట్లో గది తీసుకునే విద్యార్థుల్లో చాలామంది కాగితం జోలికి పోరు. 'మనవాళ్ళే కదా' అని మొహమాటం. ఇంగ్లండ్‌లో యజమాని ఉంటున్న ఇంట్లోనే వంటగది, బాత్రూమ్ పంచుకుంటూ అద్దెకుండేవాళ్ళను లాడ్జర్ అంటారు. విడిగా ఇల్లు తీసుకున్నవాళ్ళకుండే రక్షణలు వీళ్ళకు చాలావరకు లేవు. గడువిచ్చి ఖాళీ చేయించడానికి యజమాని కోర్టుకెక్కనక్కర్లేదు. చట్టం ఇవ్వని భరోసా ఒప్పందమే ఇవ్వాలి. 'అన్నా, ఒక కాగితం రాసుకుందాం' అని గదిలో దిగకముందే అడగండి. తర్వాత ఈ వరసలో రాసుకోండి.

1. ఇల్లెవరిదో తేల్చుకోండి. గది ఇచ్చేవాళ్ళు కూడా అద్దెకుంటున్నవాళ్ళయితే, అసలు యజమాని ఇచ్చిన అనుమతి రాతలో చూడండి. సొంత ఇల్లయితే లోన్ ఇచ్చిన బ్యాంకుకీ, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పడం వాళ్ళ వంతు. యజమాని ఆ ఇంట్లో ఉండకపోతే మీరు లాడ్జర్ కాకపోవచ్చు. కాగితం మీద పేరేమున్నా అసలు ఏర్పాటేమిటో చూడాలని 1985లో స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫర్డ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది.

2. రైట్ టు రెంట్ చూపించండి. 18 ఏళ్ళు దాటిన లాడ్జర్‌కు ఇంగ్లండ్‌లో అద్దెకుండే హక్కుందో లేదో యజమాని సరిచూసుకోవాలి. ఈ-వీసా ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో షేర్ కోడ్ తీసి ఇస్తే చాలు. అది 90 రోజులు పనిచేస్తుంది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర వదిలిపెట్టనక్కర్లేదు.

3. డబ్బు లెక్క రాయండి. అద్దె ఎంత, ఏ తేదీన, కరెంటు, గ్యాస్, వైఫై అందులోనేనా? డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు. అంటే వారానికి 120 పౌండ్లయితే 600. లాడ్జర్ డిపాజిట్‌ను ప్రభుత్వ గుర్తింపున్న రక్షణ పథకంలో పెట్టాలన్న నిబంధన లేదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపి రసీదు తీసుకోండి. పన్ను భయంతో రసీదుకు వెనకాడే యజమానికి రెంట్ ఎ రూమ్ పథకం గుర్తుచేయండి. సొంతంగా ఉంటున్న ఇంట్లో సామానుతో సహా గది ఇస్తే ఏడాదికి 7,500 పౌండ్ల దాకా ఆ రాబడి మీద పన్నుండదు.

4. గది స్థితి నమోదు చేయండి. 'మంచం, పరుపు, బల్ల ఒకటి' అంటే చాలదు. 'కిటికీ కింద గోడకు అరచేతంత బూజు మచ్చ, తలుపు పక్క కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె కాలిన గుర్తు' అని రాసి, తేదీ పడేలా ఫొటోలు తీసి ఇద్దరూ వాట్సాప్‌లో ఉంచుకోండి. వెళ్ళేటప్పుడు డిపాజిట్ తెగేది ఈ మచ్చల దగ్గరే.

5. వంటింటి కట్టుబాట్లు విప్పి రాయండి. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. ఫ్రిజ్‌లో మీ అర ఏది? రాత్రి ఎన్నింటి దాకా పొయ్యి వెలిగించొచ్చు? ఇంట్లో మాంసం వండొచ్చా? పోపు ఘాటుకు స్మోక్ అలారం మోగితే కిటికీ తీయాలే తప్ప దాని బ్యాటరీ పీకకూడదనీ రాయండి. హీటింగ్ వేళలు, బంధువులొస్తే ఎన్ని రాత్రులుండొచ్చో, మీ గదిలోకి రావాలంటే ముందు చెప్పి తలుపు తట్టాలనీ చేర్చండి.

6. నోటీసు రోజులు ఖాయం చేయండి. చట్టం కోరేది 'తగినంత' గడువే. మామూలుగా అది అద్దె కట్టే వ్యవధి. వారం వారం కడితే గడువు వారమే కావచ్చు. చదువు మధ్యలో వారంలో గది దొరకదు. అందుకే 'ఎవరు చెప్పినా 28 రోజుల ముందు, రాతలో' అని పెట్టుకోండి. డిపాజిట్ ఎన్నాళ్ళలో తిరిగివ్వాలో పక్కనే రాయండి.

7. సంతకాలు చేయండి. ఒప్పందం రెండు ప్రతులు తీసి, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం పెట్టి, చెరొకటి ఉంచుకోండి. తాళంచెవి ఆ తర్వాతే అందుకోండి. అద్దె పెరిగినా, కట్టుబాటు మారినా కిందే రాసి తేదీ వేసి మళ్ళీ సంతకాలు పెట్టండి. ఇది అపనమ్మకం కాదు. తెలియని దేశంలో ఒకరింట్లో తలదాచుకునే పిల్లలకూ, వాళ్ళకు తలుపు తీసినవాళ్ళకూ దక్కాల్సిన మర్యాద.