మట్‌లో తెలుగు ఉత్తరం ప్రశ్నార్థకాలైతే...

సంత్రాగాఛిలో కూర్చుని, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరాన ఉన్న యూనిక్స్ సర్వర్‌లోకి వెళ్లి మట్ తెరిచారనుకోండి. 1995లో మైకేల్ ఎల్కిన్స్ రాసిన ఈ మెయిల్ ప్రోగ్రాంలో బొమ్మలుండవు, అంతా అక్షరాలే. ఇంటి నుంచి వచ్చిన తెలుగు ఉత్తరం నిండా ప్రశ్నార్థకాలు! వెంటనే జవాబు రాయకండి.

చాలాసార్లు అసలు ఉత్తరం సర్వర్‌లో క్షేమంగానే ఉంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు కావాలి. 'అ' అంటే 224, 176, 133. ఆస్కీకి తెలిసిన అంకెలు 127 దాకానే. సర్వర్‌లో భాషా అమరిక, అంటే లొకేల్, 'సి' అని ఉంటే మట్ అక్షరాలను ఆస్కీలోకి మార్చబోయి, కుదరని చోట ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ స్థితిలోనే జవాబిస్తే, అందులో చేరిన పాత వాక్యాలు నిజంగానే ప్రశ్నార్థకాలై వెళ్తాయి. వాటిని మళ్లీ అక్షరాలుగా మార్చడం ఎవరి తరమూ కాదు.

సర్వర్‌లో 'లొకేల్' ఆదేశం ఇచ్చి చూడండి. యూటీఎఫ్-8 కనిపించకపోతే 'లాంగ్' విలువను అక్కడున్న ఏదైనా యూటీఎఫ్-8 లొకేల్‌కు మార్చి, మట్‌ను మళ్లీ తెరవండి. ఇంగ్లిష్‌దైనా చాలు. 'ఎల్‌సీ ఆల్' ముందే నింపి ఉంటే మాత్రం 'లాంగ్' మాట చెల్లదు. మట్ సెట్టింగుల ఫైలులో 'క్యార్‌సెట్'ను బలవంతంగా మార్చే చిట్కా నాకు నచ్చదు. లొకేల్ ఒకటి, మట్ ఒకటి చెబితే తెర మరింత గజిబిజి.

ప్రశ్నార్థకాలకు బదులు ఖాళీ గళ్లు కనిపిస్తే మీ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదన్నమాట. వత్తులు విడివిడిగా పడితే టెర్మినల్‌కు అక్షరాలు కూర్చడం రాదు. అక్కడ మట్ చేయగలిగిందేమీ లేదు, టెర్మినల్ మార్చుకోవాల్సిందే.