ట్రామా కౌన్సెలింగ్: గాయాన్ని తవ్వకుండా వినే విద్య

మనిషి తట్టుకోగల శక్తిని మించిన సంఘటన మనసులోనూ ఒంట్లోనూ మిగిల్చే దెబ్బను మనస్తత్వ శాస్త్రం ట్రామా అంటుంది. రోడ్డు ప్రమాదం, లైంగిక వేధింపు, తుపాను, ఇంట్లో ఏళ్ల తరబడి సాగిన కొట్లాటలు, కళ్లెదుటే పోయిన ప్రాణం... కారణం ఏదైనా కావచ్చు. ఒకే ప్రమాదం నుంచి బయటపడ్డ ఇద్దరిలో ఒకరు నెల తిరిగేసరికి కోలుకుంటారు. మరొకరు హారన్ మోగితే చాలు ఉలిక్కిపడుతూ, ఏడాది గడిచినా బస్సెక్కలేకపోతారు. అందుకే ఈ వృత్తిలో ఉన్నవారు ఏం జరిగిందన్నదాని కంటే, జరిగింది ఆ మనిషిలో ఏం మిగిల్చిందన్నదే ఎక్కువగా చూస్తారు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌ (పీటీఎస్‌డీ)ను తన రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. 1998లో అమెరికన్ వైద్యులు విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా బృందం వెలువరించిన అధ్యయనం బాల్యంలో పడిన దెబ్బలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధాన్ని చూపింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, దీర్ఘకాలం సాగిన హింస వల్ల ఎక్కువగా కనిపించే కాంప్లెక్స్ పీటీఎస్‌డీని విడిగా గుర్తించింది. ఇలా ఆసుపత్రికే పరిమితమైన విషయం క్రమంగా బడి, హాస్టల్, పోలీస్ స్టేషన్, కంపెనీల దాకా వచ్చింది. వాటితోపాటే అక్కడ పనిచేసే కౌన్సెలర్లు, థెరపిస్టులు, కోచ్‌ల అవసరమూ పెరిగింది.

శరీరం ముందు, మాట తర్వాత

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం మూడు రకాలుగా స్పందిస్తుంది: తిరగబడుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. ప్రమాదం దాటిపోయాక కూడా నాడీ వ్యవస్థ కాపలా మానకపోవడమే ట్రామాలో చిక్కు. అమెరికన్ సైకియాట్రిస్ట్ డేనియల్ సీగల్ 1999లో దీన్ని వివరించేందుకు ‘విండో ఆఫ్ టాలరెన్స్’ అనే మాట వాడారు. ఉద్వేగం ఒక మేర లోపల ఉన్నంతసేపు మనిషి ఆలోచించగలడు, మాట్లాడగలడు. ఆ మేర దాటి పైకి పోతే గుండెదడ, వణుకు, కోపం కనిపిస్తాయి. కిందికి జారితే ఒళ్లు మొద్దుబారి, చూపు ఎటో నిలిచిపోతుంది. ఆ రెండు స్థితుల్లోనూ సలహా తలకెక్కదు. కాబట్టి ఎదుటి మనిషి ఏ స్థితిలో ఉన్నాడో కనిపెట్టడం కౌన్సెలర్ నేర్వాల్సిన మొదటి నైపుణ్యం.

తెలుగు ప్రాంతాల్లో పనిచేసేవారికి భాష ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. పల్లె నుంచి వచ్చిన మనిషి ‘నాకు యాంగ్జైటీ’ అని చెప్పకపోవచ్చు. గుండెల్లో గుబులు, తల దిమ్ము, కాళ్లూ చేతులూ గుంజడం, ఒళ్లంతా మంటలు, నీరసం అని చెబుతారు. జడుసుకున్న పిల్లవాడికి దడుపు జ్వరమని దిష్టి తీసి, తాయెత్తు కట్టించి, ఆ తర్వాతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకొచ్చే కుటుంబాలు ఉంటాయి. తాయెత్తును ఎగతాళి చేసిన కౌన్సెలర్ దగ్గరికి ఆ తల్లి రెండోసారి రాదు. ఆమె వాడిన మాటనే పట్టుకుని, దడుపు ఎప్పుడు ఎక్కువవుతోంది, నిద్రలో ఏం జరుగుతోంది అని అడిగితే కేసు ముందుకు సాగుతుంది.

ఉద్వేగాన్ని పట్టుకునే ఐదు చోట్లు

ఉద్వేగ నియంత్రణ అంటే ఏడుపును దిగమింగడం అని చాలామంది అనుకుంటారు. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఉద్వేగం పుట్టి పెరిగే క్రమంలో దాన్ని ఐదు చోట్ల పట్టుకోవచ్చు. ఇంటర్ ఫలితాల రోజున ఒక విద్యార్థిని తీసుకుంటే ఇవి సులభంగా అర్థమవుతాయి. ఎగతాళి చేసే బంధువుల ఇంట్లో కాకుండా స్నేహితుడి దగ్గర ఫలితం చూసుకోవడం పరిస్థితిని ఎంచుకోవడం. ఇంట్లోనే చూడాల్సి వస్తే పక్కన అక్కను ఉండమనడం పరిస్థితిని మార్చుకోవడం. ఫలితం వచ్చేదాకా ఫోన్ పక్కన పెట్టి వేరే పనిలో పడటం దృష్టి మళ్లింపు. ‘ఫెయిలైతే బతుకు అయిపోయినట్టే’ అన్న ఆలోచనను ‘సప్లిమెంటరీ ఉంది’ అన్న వాస్తవంతో సరిచూసుకోవడం ఆలోచన మార్పు. గుండె దడదడలాడుతుంటే ఊపిరి నెమ్మదిగా వదలడం స్పందనను అదుపు చేసుకోవడం.

ఊపిరి తీసుకునే సమయం కంటే వదిలే సమయం ఎక్కువగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పాత సంఘటన కళ్లముందు మెదులుతున్నవారిని వర్తమానంలోకి తేవడానికి గ్రౌండింగ్ వాడతారు: గదిలో కనిపించే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు శబ్దాలు, రెండు వాసనలు, ఒక రుచి చెప్పించడం అందులో ఒక పద్ధతి. అయితే ఏ పద్ధతీ అందరికీ సరిపడదు. కళ్లు మూసుకోమంటేనే భయపడేవారు, ఊపిరి మీద ధ్యాస పెట్టగానే ఉక్కిరిబిక్కిరయ్యేవారు ఉంటారు. వారికి కళ్లు తెరిచే ఉంచి, పాదాలను నేలకు గట్టిగా ఆనించమనడం మేలు. మరింత లోతుగా నేర్వదలచినవారికి అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లినహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఉపయోగపడుతుంది. ఉద్వేగ నియంత్రణ, బాధను తట్టుకోవడం, ఎరుక, సంబంధాలు నెరపడం అనే నాలుగు భాగాలుగా అది నైపుణ్యాలను నేర్పుతుంది.

తలుపు గడియ దగ్గర మొదలయ్యే జాగ్రత్త

జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉండే పదిహేడేళ్ల అమ్మాయి కౌన్సెలింగ్ గదికి వచ్చిందనుకుందాం. మాటలు బయటికి పోకూడదని కౌన్సెలర్ లేచి తలుపు గడియ పెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ గడియ చప్పుడు కాగానే ఆ అమ్మాయి చున్నీ అంచును పిడికిట్లో బిగించి, ఇక ఏది అడిగినా ‘ఏం లేదు మేడమ్’ అంటుంది. గడియ పడిన గదిలోనే ఆమెకు ఏదైనా జరిగి ఉండొచ్చు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ ముందే అడుగుతారు: “తలుపు దగ్గరకు వేయమంటావా, తీసే ఉంచమంటావా? ఎక్కడ కూర్చుంటే నీకు బాగుంటుంది?” బల్లకు అటువైపు, తలుపు కనిపించేలా ఉన్న కుర్చీని ఆమె ఎంచుకుంటే, ఎంపిక ఆమె చేతిలో పెట్టడంతోనే పని మొదలైనట్టు.

అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ట్రామా ఎరుకతో పనిచేయడానికి ఆరు సూత్రాలు చెప్పింది: భద్రత, దాపరికం లేని నమ్మకం, అదే బాధ పడినవారి తోడు, కలిసి పనిచేయడం, ఎంపిక హక్కు, సంస్కృతి-లింగ వివక్షల గుర్తింపు. ఇవి రోజువారీ మాటతీరులోనే కనిపించాలి. ‘ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న తప్పును బాధితురాలి మీదికే నెడుతుంది. ‘ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావు?’ అన్న ప్రశ్న ఆమె ఓర్పును గుర్తిస్తుంది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాలని మొదటి రోజే పట్టుబట్టకూడదు. అమెరికన్ సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ 1992లో వివరించిన కోలుకునే క్రమంలోనూ భద్రతదే తొలి దశ. జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం రెండోది, తిరిగి జీవితంలో కలవడం మూడోది.

విపత్తు జరిగిన తొలి రోజుల్లోనూ ఇదే నియమం. బాధితులందరినీ కూర్చోబెట్టి ఒక్కసారిగా అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేయదు. 2011లో అది వెలువరించిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ మార్గదర్శి మూడు పనులు చెబుతుంది: చూడటం, వినడం, కలపడం. తుపాను షెల్టర్‌లో ఉన్న మనిషికి మంచినీళ్లు, దుప్పటి అందించి, తప్పిపోయినవారి కబురు తెలిసేలా చేయడం కూడా మానసిక సాయమే.

ఎవరి హద్దు ఎక్కడ

లైఫ్ కోచ్, కౌన్సెలర్, క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ అనే నాలుగు పేర్లను జనం కలగలిపి వాడతారు. వృత్తిలోకి రాదలచినవారికి ఈ తేడా స్పష్టంగా తెలియాలి. సైకియాట్రిస్ట్ వైద్యుడు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ అన్న హోదాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్సీఐ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీరు మానసిక పరీక్షలు, రోగ నిర్ధారణ, చికిత్స చేస్తారు. కౌన్సెలర్ బాధను విని, తట్టుకునే నైపుణ్యాలు నేర్పి, అవసరమైతే పై నిపుణుల దగ్గరికి పంపుతారు. కోచ్ పని లక్ష్యాలకు సంబంధించింది, చికిత్స కాదు. ఉద్యోగంలో ఎదుగుదల గురించి వచ్చిన క్లయింట్ నాలుగో సెషన్‌లో బాల్యంలోని హింస గురించి చెబితే, కోచ్ శ్రద్ధగా విని, ఆ మనిషి కుదుటపడేలా చూసి, థెరపిస్టును పరిచయం చేయాలి. అంతకుమించి తవ్వితే మేలు కంటే కీడే ఎక్కువ.

పీటీఎస్‌డీకి వాడే ఈఎండీఆర్, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ వంటి చికిత్సలు మూల శిక్షణ ఉన్న థెరపిస్టులకు ఉద్దేశించినవి. వారాంతపు వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో వాటిని చేపట్టకూడదు.

చదువు దారి

సైకాలజీ ఒక సబ్జెక్టుగా డిగ్రీ, ఆ తర్వాత సైకాలజీలో ఎంఏ లేదా ఎంఎస్సీ అన్నది ప్రధానమైన దారి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. సోషల్ వర్క్‌లో పీజీ చేసినవారికీ ఈ రంగంలో చోటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆర్సీఐ గుర్తింపు ఉన్న కోర్సే చదవాలి. ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్ అందుకు దారి. జాతీయ విద్యావిధానం 2020 ఎంఫిల్‌ను వద్దనడంతో ఈ వ్యవస్థ మారుతోంది. చేరే ముందు ఆ ఏడాదికి, ఆ సంస్థకు, ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ఆర్సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ రంగంలో దేశానికే పేరున్న శిక్షణ కేంద్రం.

2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని యూజీసీ ఆదేశించింది. కాబట్టి రెగ్యులర్ చదువుకే సిద్ధపడాలి. కౌన్సెలర్ల వృత్తి 2021 నాటి నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి వచ్చింది. కోచ్‌లకు మన దేశంలో చట్టబద్ధ లైసెన్స్ లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపుల్లో మొదటిదైన ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. తర్వాతి మెట్టు పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం ఉండాలి.

తెలిసి ఉండాల్సిన చట్టాలు

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని చెప్పింది. మరోవైపు పోక్సో చట్టం, 2012 ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. అందువల్ల ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని మైనర్‌కు మాట ఇవ్వకూడదు. ఏ విషయాలు గదిలోనే ఉంటాయో, ఏవి పైకి చెప్పక తప్పదో మొదటి పది నిమిషాల్లోనే సులువైన మాటల్లో వివరించాలి.

కొలువులు ఎక్కడ

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్‌ను కనీసం ఒకరినైనా నియమించుకోవాలని చెప్పింది. కార్పొరేట్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎక్కువగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆదేశానికి ప్రాధాన్యం ఉంది.

ప్రభుత్వ వైపు చూస్తే, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ (14416), మహిళల కోసం నడిచే సఖి వన్ స్టాప్ సెంటర్లు, తెలంగాణలో భరోసా కేంద్రాలు, చైల్డ్ హెల్ప్‌లైన్ (1098), జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ఫ్యామిలీ కోర్టులు కౌన్సెలర్లకు పని కల్పిస్తాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. డీ-అడిక్షన్ కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, ఐటీ కంపెనీల ఉద్యోగుల సహాయ పథకాలు, సొంత ప్రాక్టీస్ మిగిలిన దారులు. ఇంగ్లిష్‌తోపాటు తెలుగు, ఉర్దూ మాట్లాడగల కౌన్సెలర్‌కు హెల్ప్‌లైన్లలో, సఖి కేంద్రాల్లో అనుకూలత ఉంటుంది.

వినేవారి జాగ్రత్త

రోజూ ఇతరుల గాయాలు వినేవారి నమ్మకాలు, నిద్ర, సంబంధాలు కూడా దెబ్బతింటాయని మనస్తత్వవేత్తలు మెకాన్, పెర్ల్‌మన్ 1990లో గుర్తించి, దానికి వికేరియస్ ట్రామా అని పేరు పెట్టారు. క్లయింటు చెప్పిన దృశ్యం ఇంటికి వెళ్లాక కూడా వెంటాడటం, ఫలానా కేసు వస్తుందంటేనే చిరాకు, లేదంటే హద్దు మరిచి అర్ధరాత్రి కూడా ఫోన్‌లో అందుబాటులో ఉండటం దీని గుర్తులు. ఇందుకు వృత్తిలో ఉన్న విరుగుడు సూపర్‌విజన్: అనుభవజ్ఞులైన నిపుణుల దగ్గర క్రమం తప్పకుండా కేసులు చర్చించి, ఎక్కడ తడబడిందీ తెలుసుకోవడం. కోర్సును ఎంచుకునేటప్పుడు అందులో ఎన్ని గంటల సూపర్‌విజన్ ఉందో అడగాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు రోజుకు ఎన్ని కేసులు ఇస్తారో తెలుసుకోవాలి. రెండు కేసుల మధ్య పది నిమిషాల ఖాళీ పెట్టుకుని, నోట్స్ రాసి, లేచి నాలుగడుగులు వేసి, నీళ్లు తాగి, ఆ తర్వాతే తర్వాతి మనిషిని పిలవడం ఈ వృత్తిలో పనిలో భాగమే. తాను కుదుటపడకుండా కౌన్సెలర్ ఎదుటివారిని కుదుటపరచలేరు.