క్రీమ్ డిస్పెన్సర్ మొరాయిస్తే ఏం చేయాలి?



పదో తరగతో, ఇంటరో అయ్యాక మన పామిడి ప్రాంతం నుంచి బెంగళూరు బస్సెక్కేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వానలు మొహం చాటేసి వేరుశనగ పంట చేతికి రాని ఏడాది వారి సంఖ్య ఇంకా పెరుగుతుంది. వారిలో కొందరికి మొదట దొరికే పని బేకరీలోనో, కాఫీ షాపులోనో, హోటల్ వంటగదిలోనో ఉంటుంది. మాలో కొందరం అలా వెళ్లినవాళ్లమే. అక్కడి పొయ్యిలు, మిక్సీలు, గ్రైండర్లు మనకు కొత్త కావు. కొత్తగా కనిపించేది ఒక స్టీలు సీసా. కోల్డ్ కాఫీ మీద, ఐస్‌క్రీమ్ మీద తెల్లటి నురగను పువ్వులాగా పేర్చేది అదే. దాన్ని విప్‌డ్ క్రీమ్ డిస్పెన్సర్ అంటారు. కొన్నిచోట్ల విప్పర్ అని, సైఫన్ అని కూడా పిలుస్తారు.

ఇది సరిగ్గా పనిచేసినంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం అరుపులు ముందుగా కొత్త కుర్రాడి మీదే పడతాయి. ఆ కంగారులో సీసా మూతను బలంగా తిప్పితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఈ సంచికలో దీన్ని ఒక పాఠంగా రాస్తున్నాం. ఇందులో ఉన్నదంతా మీరు హాస్టల్లో కూర్చుని చదువుతున్న సైన్సే.

ఇది ఎలా పనిచేస్తుంది?

డిస్పెన్సర్‌లో ముఖ్యమైన భాగాలు ఐదు. ఒకటి, క్రీమ్ పోసే స్టీలు సీసా. రెండు, దాని మీద మరలతో బిగించే తల. మీట, వాల్వు ఇందులోనే ఉంటాయి. మూడు, సీసాకూ తలకూ మధ్య కూర్చునే రబ్బరు వాషరు. నాలుగు, నురగకు ఆకారమిచ్చే నాజిల్. ఐదు, గ్యాస్ చార్జర్‌ను పెట్టి బిగించే గొట్టం. చార్జర్ అంటే బొటనవేలంత ఉక్కు గుండు. దానిలో సాధారణంగా 8 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఉంటుంది.

ఎనిమిది గ్రాములంటే ఎంత? లెక్క వేద్దాం. నైట్రస్ ఆక్సైడ్ అణుభారం 44. ప్రమాణ పరిస్థితుల్లో 44 గ్రాముల వాయువు 22.4 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి 8 గ్రాములు సుమారు 4 లీటర్లు. అంటే నాలుగు లీటర్ల వాయువు అర లీటరు సీసాలోకి, అదీ క్రీమ్ పోయగా మిగిలిన చోటులోకి దూరుతుంది. లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో ఇక ఊహించుకోవచ్చు. మన ప్రెషర్ కుక్కర్‌లో ఉండేదానికి ఇది ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒత్తిడి పెరిగేకొద్దీ ద్రవంలో ఎక్కువ వాయువు కరుగుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో దీన్ని హెన్రీ నియమం అని చదువుతాం. బస్టాండులో తాగే గోలీ సోడా దీనికి మంచి ఉదాహరణ. 1872లో ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ ఆ సీసాకు పేటెంటు పొందాడు. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బుడగలై పైకి పొంగుతుంది. డిస్పెన్సర్‌లోనూ జరిగేది ఇదే. మీట నొక్కినప్పుడు క్రీమ్ బయటికి వస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, కొవ్వులో కరిగిన నైట్రస్ ఆక్సైడ్ లక్షల బుడగలై క్రీమ్‌ను ఉబ్బిస్తుంది.

మరి సోడాకు వాడే గ్యాస్‌నే క్రీమ్‌కు వాడకూడదా? కూడదు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లమవుతుంది, క్రీమ్ పులిసినట్టు ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ కొవ్వులో బాగా కరుగుతుంది, పుల్లదనం రాదు. రెండు రకాల చార్జర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే పెట్టె మీద చదవాలి. ఆహారంలో వాడే నైట్రస్ ఆక్సైడ్‌కు అంతర్జాతీయ సంఖ్య 942. కార్బన్ డయాక్సైడ్‌కు 290. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

సాధారణంగా వచ్చే సమస్యలు

1. క్రీమ్ నీళ్లలా కారడం: దీనికి ముఖ్యంగా మూడు కారణాలు. మొదటిది కొవ్వు చాలకపోవడం. నురగ నిలవాలంటే క్రీమ్‌లో కొవ్వు కనీసం 30 శాతం దాకా ఉండాలి. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా 25 శాతమే ఉంటుంది, అది సరిగా నిలవదు. డబ్బా మీద విప్పింగ్ క్రీమ్ అని ఉందో లేదో చూడాలి. రెండోది చల్లదనం లేకపోవడం. క్రీమ్ 4, 5 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడెక్కితే కొవ్వు మెత్తబడి బుడగను పట్టి ఉంచలేదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటప్పుడు క్రీమ్‌తోపాటు ఖాళీ సీసానూ ముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడోది సరిగా ఊపకపోవడం. గ్యాస్ ఎక్కించాక ఐదారు సార్లు గట్టిగా ఊపి, కొంచెం వదిలి చూడాలి. పల్చగా వస్తే మరో రెండు మూడు సార్లు ఊపాలి.

2. ముద్దలుగా, చిటపటలాడుతూ రావడం: ఇది మొదటిదానికి తిరగబడిన సమస్య. మజ్జిగ చిలికితే వెన్న పడుతుందని మనకు తెలుసు. క్రీమ్ సీసాను అదే పనిగా ఊపినా అంతే, లోపల వెన్న కడుతుంది. ఒకసారి వెన్న అయ్యాక అది తిరిగి క్రీమ్ కాదు. గ్యాస్ పూర్తిగా వదిలి, కడిగి, కొత్తగా నింపాలి. అర లీటరు సీసాకు ఒక చార్జర్, లీటరు సీసాకు రెండు అనేది మామూలు లెక్క. పల్చగా వస్తోందని అర లీటరు సీసాకు చార్జర్ మీద చార్జర్ ఎక్కించడం ప్రమాదం.

3. మీట నొక్కినా ఏమీ రాకపోవడం: ముందుగా సీసాను ఎలా పట్టుకున్నామో చూడాలి. దీన్ని నిట్టనిలువుగా తలకిందులుగా పట్టుకోవాలి. పక్కకు వంచి నొక్కితే క్రీమ్ కంటే ముందు గ్యాస్ పోతుంది, చివరికి సీసాలో క్రీమ్ మిగులుతుంది, తోసే బలం మిగలదు. పట్టుకోవడం సరిగానే ఉంటే నాజిల్‌లో అడ్డు పడిందని అర్థం. కరగని పంచదార పలుకు, కోకో ఉండ, పండు పీచు ఏదైనా చాలు. అందుకే పంచదార పొడి కూడా క్రీమ్‌లో పూర్తిగా కరిగాక, సన్నటి జల్లెడలో వడగట్టి పోయాలి. ఇంట్లో కాచిన పాల మీగడ తెట్టెలు తెట్టెలుగా ఉంటుంది కాబట్టి ఇందులో పోయకూడదు.

4. చార్జర్ బిగిస్తుంటే బుస్సుమని గ్యాస్ పోవడం: నూటికి తొంభై వంతులు తప్పు వాషరుదే అనుకోండి. కడిగినప్పుడు తీసి మళ్లీ పెట్టడం మరిచి ఉంటారు, లేదా అది చిరిగి ఉంటుంది, లేదా దాని కింద ఎండిన క్రీమ్ ఉంటుంది. తల మరలు వంకరగా ఎక్కినా ఇలాగే అవుతుంది. బిగించడం ఆపాలి. సీసా నిలబెట్టి మీట నొక్కి మిగిలిన గ్యాస్ వదలాలి. ఆ తర్వాతే విప్పి చూడాలి. పాడైన వాషరు స్థానంలో అదే కంపెనీ, అదే సైజు వాషరు వేయాలి. సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి పెట్టే తెలివి ఇక్కడ పనికిరాదు.

5. పేర్చిన నురగ త్వరగా కూలిపోవడం: ఇది సీసా లోపం కాదు. చిలికిన క్రీమ్ రెట్టింపు అయితే, గ్యాస్‌తో ఉబ్బిన క్రీమ్ నాలుగింతల దాకా అవుతుంది. అంత తేలికైన నురగ ఎక్కువసేపు నిలబడదు. వెంటనే తాగే కాఫీకి, వెంటనే తినే ఐస్‌క్రీమ్‌కు ఇది సరిపోతుంది. గంటలకొద్దీ అద్దాల బీరువాలో ఉండాల్సిన కేకుకు బీటర్‌తో చిలికిన క్రీమే వాడాలి. యజమాని రెండింటికీ ఒకటే వాడమంటే ఈ తేడా మర్యాదగా చెప్పగలగాలి.

6. వాసన రావడం: పాల పదార్థం మూలల్లో ఉండిపోతే పులుస్తుంది. రోజూ తల, నాజిల్, వాషరు, వాల్వు విడదీసి బ్రష్‌తో తోమాలి. ముందు చన్నీళ్లతో కడిగి, తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లు వాడాలి. మొదటే వేడినీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు గట్టిపడి అంటుకుంటాయి. ఈ వరుస పాటిస్తే నీళ్లు కూడా తక్కువ పడతాయి. నీటి విలువ మన అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా.

ఎప్పుడూ చేయకూడనివి

లోపల గ్యాస్ ఉండగా తల విప్పకూడదు. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి. ఆవిరి పోకుండా కుక్కర్ మూత ఎవరూ తీయరు. ఇదీ అంతే. సీసాను నిలబెట్టి, నాజిల్ మీద గుడ్డ కప్పి, బుస్ శబ్దం పూర్తిగా ఆగేదాకా మీట నొక్కి పట్టాలి. అడ్డుపడి గ్యాస్ పోకపోతే పట్టకారుతో తిప్పడం, నేలకేసి కొట్టడం, వేడినీళ్లలో ముంచడం చేయకూడదు. మొహానికి దూరంగా ఫ్రిజ్‌లో పెట్టాలి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత పెద్ద వంటమాస్టరుకు చెప్పి, అతని ఎదుటే మళ్లీ ప్రయత్నించాలి. ఎవరు ఎంత అరిచినా తొందరపడకూడదు. సీసా ఖరీదు జీతంలోంచి పట్టుకుంటారేమోనన్న భయంతో చాలామంది కుర్రాళ్లు తామే ఎలాగోలా విప్పబోతారు. పోయిన జీతం వచ్చే నెల సంపాదించుకోవచ్చు, పోయిన కన్ను తిరిగి రాదు.

2017 జూన్‌లో ఫ్రాన్స్‌లో ఇంట్లో డిస్పెన్సర్ వాడుతున్న ఒక యువతికి దాని భాగం ఎగిరివచ్చి ఛాతీకి తగిలింది. గుండె ఆగి ఆమె మరణించింది. ప్లాస్టిక్ తల ఉన్న కొన్ని రకాల సీసాలు పేలిన ఘటనలు ఆ దేశంలో అంతకుముందూ జరిగాయి. కాబట్టి లోహపు తల ఉన్నదే మేలు. పగులు, సొట్ట, అరిగిన మరలు కనిపిస్తే ఆ సీసాను పక్కన పెట్టమని చెప్పాలి.

చార్జర్లను ఎండలో, పొయ్యి పక్కన, ఆపి ఉంచిన వ్యానులో పెట్టకూడదు. 20 డిగ్రీల దగ్గరే చార్జర్ లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 50 రెట్లు ఉంటుంది. 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్ ఆక్సైడ్ ఇక ద్రవంగా ఉండలేదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మన వేసవి మధ్యాహ్నాలు ఆ హద్దు దాటినవే.

నవ్వు వాయువు సంగతి

ఈ వాయువును 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొన్నాడు. తర్వాత హంఫ్రీ డేవీ దీన్ని తానే పీల్చి చూసి నవ్వు వాయువు అన్నాడు. 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ పన్ను పీకేటప్పుడు నొప్పి తెలియకుండా వాడాడు. డాక్టర్లు దీన్ని తగినంత ఆక్సిజన్‌తో కలిపి, కొలతతో ఇస్తారు.

కొన్ని నగరాల్లో కుర్రాళ్లు సరదా కోసం చార్జర్ల గ్యాస్‌ను బెలూన్లలోకి నింపి పీలుస్తున్నారు. ఇది సరదా కాదు తమ్ముళ్లూ. ఆక్సిజన్ అందక అక్కడికక్కడే చనిపోయినవారున్నారు. పదేపదే పీల్చితే శరీరంలోని విటమిన్ బి12 పనికిరాకుండా పోతుంది, నరాలు దెబ్బతింటాయి. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, నడక తడబడుతుంది. పాలు, గుడ్లు, మాంసం సరిగా అందక ముందే బి12 తక్కువగా ఉన్నవారికి ఈ కీడు ఇంకా త్వరగా జరుగుతుంది. బ్రిటన్ 2023 నవంబరు నుంచి దీన్ని మత్తు కోసం దగ్గర పెట్టుకోవడాన్ని నేరం చేసింది. తోటి పనివాడు బెలూన్ చేతికిస్తే వద్దని చెప్పే ధైర్యం ఉండాలి.

చివరిగా

సీసా మొరాయించినప్పుడు ఈ వరుసలో చూడండి: చల్లగా ఉందా? కొవ్వు చాలినంత ఉందా? వడగట్టామా? వాషరు సరిగా కూర్చుందా? చార్జర్ 942దేనా? ఎన్నిసార్లు ఊపాం? తలకిందులుగా పట్టుకున్నామా? ఈ ఏడు ప్రశ్నల్లోనే దాదాపు ప్రతి సమస్యకూ జవాబు దొరుకుతుంది.

వంట పని మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు సీసా తోమే దగ్గరే ఆగిపోకండి. ఇంటర్ పాసైనవారు జాతీయ స్థాయి హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాసి, హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్నటువంటి ప్రభుత్వ సంస్థల్లో డిగ్రీ చదవవచ్చు. ఆ దారిలో వెళ్లినవాడు వంటగదిని నడుపుతాడు. ఏ దారిలో వెళ్లినా ఒత్తిడి, ఉష్ణోగ్రత, ద్రావణీయత అనే మూడు పాఠాలను మాత్రం పరీక్ష కోసమే చదివి వదిలేయకండి. కారణం తెలిసినవాడు అరుపులకు బెదరడు, అడగడానికి సిగ్గుపడడు.

మీరందరూ బాగా చదివి, క్షేమంగా పనిచేసి, మన హాస్టల్‌కు మంచి పేరు తేవాలని కోరుకుంటున్నాం.

ఇట్లు,
పూర్వ విద్యార్థులు, పామిడి